దుబాసీ

హాంబర్గ్‌లో, మూడో అంతస్తులో, కిటికీ తెరుచుకోని గది.
నాలుగు కుర్చీలు, ఒక నీళ్ళ జగ్గు,
కాగితపు రుమాళ్ళ డబ్బా. ఎవరో ముందే
మొదటి రుమాలు సగం పైకి లాగి పెట్టారు.

ఈ పనికి ఒక నియమం ఉంది:
ఆమె 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి.
'ఆమె చెబుతోంది' అనకూడదు.
దుబాసీకి సొంత నోరుండదు,
అద్దెకిచ్చిన నోరు, గంటకింత.

నాజ్‌బూది ఘోర్ కొండల దరీ,
మాటల చివర్లు మింగేస్తుంది.
"నన్ను చార్జర్ తీగతో కొట్టాడు," అంది.
నన్ను చార్జర్ తీగతో కొట్టాడు, అన్నాను జర్మన్‌లో.
"పిల్లాడు లెక్కపెట్టాడు. వాడికి ఇరవై దాకానే వచ్చు."
పిల్లాడు లెక్కపెట్టాడు. వాడికి ఇరవై దాకానే వచ్చు.
ఫ్రావ్ లూడర్స్ టైపు చేస్తూ ఆగింది.
ఇరవై తర్వాత, అని అడగలేదు.
వేళ్ళు మీటల మీద అలాగే ఉంచింది.

తర్వాత అత్తగారి మాట వచ్చింది, ఫోన్లో:
"సబర్ చెయ్యి, బిడ్డా."
ఆ సబర్ దగ్గర ఇరుక్కుపోయాను.
జర్మన్‌లో ఓపిక ఉంది,
బస్సు కోసం నిలబడేవాళ్ళ ఓపిక,
బస్సు వస్తుందని తెలిసినవాళ్ళది.
మాది అది కాదు.
పళ్ళ మధ్య కొంగు కుక్కుకుని
పక్కగదిలో చుట్టాలకి టీ పంపడం,
ఏలకులు మరిచిపోకుండా,
గ్లాసు చెయ్యి జారకుండా.
ఒక్క మాటలో ఏం పెట్టను?
ఓపిక అనే పెట్టాను.
తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేనిచ్చిన దొంగసాక్ష్యం అది.

కోటు జేబులో ఫోను వణికింది.
ఎవరో చూడక్కర్లేదు.
నాలుగుసార్లు వణికి ఊరుకుంటే సరే,
ఐదోసారీ వణికితే, రాత్రికి
అన్నం పలుకైందని పళ్ళెం గోడకి తగులుతుంది.
ఇంజనీరు. మసీదు కమిటీలో కోశాధికారి.
నవ్రోజ్ వేదిక మీద ఆడపిల్లల చదువు గురించి
కళ్ళు చెమర్చేలా మాట్లాడతాడు.
చప్పట్లు నేనూ కొట్టాను,
మణికట్టు వాపు మీదికి గాజులు జరుపుకుని.

ఐదోసారి.

"నేను ఎవరికీ చెప్పలేదు," అంది నాజ్‌బూ.
"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందనేది మా అమ్మ."
నేను ఎవరికీ చెప్పలేదు, అన్నాను.
అక్కడ నా జర్మన్ ఆగిపోయింది.
నోట్లో నువ్వుగింజ నానదంటారు కొందరి గురించి.
నా నోట్లో అది నాని, మొలిచి,
నాలుక కిందికి వేళ్ళు దిగి, పదకొండేళ్ళు.

ఇంకో నియమమూ ఉంది:
దుబాసీ తన సంగతి చెప్పాల్సొస్తే
'దుబాసీ' అనాలి, ఎవరో పరాయి మనిషి గురించి అన్నట్టు.
"దుబాసీ నీళ్ళు అడుగుతోంది," అన్నాను.
ఇచ్చారు. తాగాను.
"దుబాసీ భర్త కూడా," అన్నాను.
కాదు.
"నా భర్త కూడా. ఇది అనువాదం కాదు."

కింద ఎక్కడో రైలు వెళ్ళింది.
ఫ్రావ్ లూడర్స్ నెమ్మదిగా,
ఇంకో దుబాసీని పిలవాలి అంది,
నాజ్‌బూ కాగితాలకి చిక్కు రాకూడదు అంది,
మీకు వేరే ఫైలు తెరుస్తాను,
ఈ రాత్రి ఇంటికి వెళ్ళొద్దు అంది.
అన్నీ సబబే.

నాజ్‌బూ మాత్రం నా మొహమే చూస్తోంది.
"ఏమన్నావు? నేనన్నది అంత పొడుగు లేదే."

జర్మన్‌లో చెప్పడం తేలిక.
ఆ భాషలో నన్నెవరూ జోకొట్టలేదు,
ఎవరూ ఊరుకోమనలేదు.
దరీలో అంటే అమ్మ వింటున్నట్టుంటుంది,
హెరాత్‌లో మా సందు సందంతా కిటికీలు తెరుస్తుంది.

చెప్పాను. చివర్లు మింగకుండా.

ఆమె రుమాలు అందివ్వలేదు.
చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ,
ఉల్లిపాయల ధర అడిగినట్టు,
"ఎన్నేళ్ళు?" అంది.
"పదకొండు."
వేళ్ళు ముడిచి లెక్కేసుకుంది.
"నావి ఆరు," అంది. "నువ్వే పెద్దదానివి."